సర్కారు తుమ్మ

కడప నుండి నెల్లూరికి పోవు దారిలో గాని, గుంటూరు నుండి నల్లగొండకు పోవు దారిలో గాని, బండి కిటికీ ప్రక్కన కూర్చున్న వారికి ఒక చెట్టు విడువక తోడు వచ్చును. చెరువుకట్ట మీద అదే. కాలువగట్టు మీద అదే. రైలుకట్ట వాలున అదే. బీడుపడిన పొలమున అదే. సన్నని ఆకు, వంకర కొమ్మలు, జంటముండ్లు, లేత పసుపుపచ్చని కంకుల వంటి పూలు, ఎండుగడ్డి రంగు గల కాయలు దాని గుర్తులు. ఆ కనబడు చెట్లలో ఒకరు కోరి నాటినవి మిక్కిలి తక్కువ. నీరు పోసినవారు లేరు, కాపు కాచినవారు లేరు. దీని పేరేమని పల్లెటూరి వారినడిగినచో తడుముకొనక “సర్కారు తుమ్మ” అని చెప్పుదురు. కొన్నిచోట్ల సర్కారు కంప అనియు, సీమతుమ్మ అనియు, ఇంగ్లీషు తుమ్మ అనియు అందురు. ఎక్కువగా వినవచ్చునది మాత్రము సర్కారు పేరే.

ఈ పేరులో ఉన్నవి రెండే మాటలు. వానిలో ఒకటి చరిత్ర, మరియొకటి పొరపాటు. ఆ రెండింటిని విడదీసి చూచినచో నూటయేబది సంవత్సరములుగా మన వంటయింటికి, మన బీళ్ళకు, మన ప్రభుత్వములకు నడుమ జరిగిన కథ ఒకటి బయటపడును.

పొరపాటును మొదట చూతము. ఈ చెట్టు తుమ్మ కాదు. మన నేలకు చిరకాలముగా అలవాటైన నల్లతుమ్మ పూవు పసుపుపచ్చని గుండ్రని బంతి. దాని కాయ గింజగింజకు నడుమ నొక్కుకొని పూసలదండ వలె నుండును. దాని బెరడు తోళ్ళు పదును చేయుటకును, బంక మందులకును, చేవ బండిచక్రములకును నాగళ్ళకును, లేతపుల్ల పండ్లు తోముకొనుటకును పనికివచ్చును. సర్కారు తుమ్మ పూవు బంతి కాదు, కంకి. దాని కాయ పూసలదండ కాదు, లోపల తియ్యని గుజ్జు గల బద్ద. ఈ గుర్తులు మనకు బాగుగ తెలిసిన మరియొక చెట్టును జ్ఞప్తికి తెచ్చును. అది జమ్మి. పాండవులు అజ్ఞాతవాసమునకు పోవుచు ఆయుధములను దాచిన శమీవృక్షము, విజయదశమినాడు మనము ప్రదక్షిణము చేయు చెట్టు, తెలంగాణమున బంగారమని పెద్దల చేతిలో పెట్టి దీవెనలందు ఆకు గల చెట్టు ఇదియే.

వృక్షశాస్త్రజ్ఞులును ఈ పోలికను గుర్తించిరి. లిన్నేయస్ 1767లో ‘ప్రోసోపిస్’ అను ఇంటిపేరును కల్పించినది మన జమ్మిచెట్టు కొరకే. స్వీడన్ దేశీయుడైన ఓలోఫ్ స్వార్ట్స్ జమైకా దీవిలో తిరిగివచ్చి, 1788లో అక్కడి ముండ్లచెట్టు నొకదానిని వర్ణించి దానికి ‘జూలిఫ్లోరా’ అని పేరిడెను. కంకిపూలు గలది అని ఆ మాటకు అర్థము. 1825లో డి కాండోల్ అను పండితుడు ఆ చెట్టును జమ్మి యింటిలో చేర్చెను. అది మొదలు ప్రోసోపిస్ జూలిఫ్లోరా అనునది దాని శాస్త్రనామమయ్యెను. దాదాపు రెండువందల సంవత్సరములు ఈ ఉమ్మడి కుటుంబము నిలిచెను. 2022లో శాస్త్రజ్ఞులు జన్యుపరీక్షల ఫలితములను పరిశీలించి పంపకములు చేసిరి. ప్రోసోపిస్ అను ఇంటిపేరు జమ్మికే దక్కెను. అమెరికా చెట్టునకు ‘నెల్టూమా’ అను వేరింటిపేరు వచ్చెను. ఆ మాట వినగానే తెలుగు చెవికి నల్లతుమ్మ స్ఫురించుట ఒక వింత. పంపకములు జరిగినను చుట్టరికము పోదు. నేటికిని సర్కారు తుమ్మకు తుమ్మకంటె జమ్మియే దగ్గర బంధువు.

మరి మనవారు తుమ్మ యని ఏల పిలిచిరి? ముండ్లు చూచి, సన్నని ఆకు చూచి, మెట్టనేలలో మొండిగా పెరుగు గుణము చూచి పిలిచిరి. అందులో తప్పుపట్టవలసినది లేదు. తెలియనిదానిని తెలిసినదాని పేరుతో పిలుచుట అన్ని దేశములవారి అలవాటే. అమెరికా ఖండమున దీని జాతి చెట్లకు మెక్సికో ప్రాచీనులు పెట్టుకొన్న పేరు మిజ్‌కిట్ల్. నేటి మెస్కీట్ అను పేరు దాని నుండి వచ్చినదే. అక్కడకు పోయిన స్పెయిన్ వారు మాత్రము తమ ఊరి అల్గరోబా చెట్టును తలచుకొని, ఆ పేరునే ఈ ముండ్లచెట్లకును తగిలించిరి. మన దేశమునను అట్లే జరిగినది. తమిళులు తమ నల్లతుమ్మ యైన కరువేలము పేరు తీసికొని ‘సీమై కరువేలం’ అనిరి. హిందీవారు ‘విలాయతీ కీకర్’ అనిరి. కీకర్ అనగా వారి తుమ్మ. కన్నడిగులు తమ జాలిచెట్టు పేరునకు ముందు ఒక ఊరిని చేర్చి ‘బళ్ళారి జాలి’ అనిరి. గుజరాతీలు ‘గాండో బావళ్’ అనిరి. పిచ్చితుమ్మ అని దానికి అర్థము.

ఇన్ని భాషలలో రెండవ మాట ఒక్కటే, తుమ్మ. మొదటి మాటయే వేరు. కొందరు అది ఏ దేశపుదో చెప్పిరి. కొందరు ఏ దిక్కునుండి వచ్చినదో చెప్పిరి. కొందరు దాని నడవడిని చెప్పిరి. తెలుగువారు ఇంగ్లీషనియు సీమయనియు అనకపోలేదు. మన భాషలో సీమచింత, సీమవంకాయ, సీమసున్నము వంటి మాటలు ఎన్ని లేవు? కాని ఈ చెట్టు విషయమున సీమకంటె సర్కారు అను మాటయే గట్టిగా నిలిచినది. ఏ దేశపుదని కాక, ఎవరు తెచ్చిరని మనవారు గుర్తుంచుకొనిరి. చరిత్ర అనినది ఈ మాటను గూర్చియే.

ఇక్కడ ఒక సందేహము తీర్చవలసియున్నది. కోస్తా జిల్లాలకు ఉత్తర సర్కారులని పూర్వము పేరుండెను గనుక, ఇది ఆ ప్రాంతపు చెట్టు కాబోలునని అనుకొనవచ్చును. అది సరికాదు. ఈ చెట్టు పేరులోని సర్కారు జిల్లా కాదు, ప్రభుత్వము. అది మొలకెత్తిన నేలయు కోస్తా కాదు, నాటి దత్తమండలములలోనిదైన కడప జిల్లా. దత్తమండలములకు రాయలసీమ అను పేరు 1928లో వచ్చినది.

ఆ కాలమున చెన్నపురి రాజధానిలో అటవీశాఖ వయస్సు ఇరువది యేండ్లు మాత్రమే. 1856లో క్లెగ్‌హార్న్ అను వైద్యుడు దాని మొదటి అధికారి. అతని తరువాత 1860 నుండి 1882 వరకు ఆ బాధ్యత వహించినవాడు రిచర్డ్ హెన్రీ బెడోమ్. అతడు సైన్యమునుండి వచ్చినవాడైనను చెట్లను, ఫెర్నులను, పాములను గూర్చి గ్రంథములు వ్రాసిన పండితుడు. అతని ముందున్న చిక్కు వంటచెరకు. ఆ దినములలో దక్షిణదేశపు రైలుబండ్లు చాలవరకు కట్టెలతో నడచెడివి. పట్టణములు పెరుగుచుండెను, రైలుదారి సాగినకొలది దాని కిరుప్రక్కల అడవి తరిగిపోవుచుండెను. మదరాసు చుట్టుపట్ల ఇసుకనేలలలో సరుగుడు తోటలు పెంచి కొంత కొరత తీర్చుకొనిరి. వాన కరువైన మెట్టసీమలలో సరుగుడు నిలువదు. అక్కడ ఏ చెట్టు నిలుచును?

1876లో బెడోమ్ మెట్టప్రాంతముల కొరకు ఈ అమెరికా చెట్టు విత్తనములను తెప్పింపవలసినదని మదరాసు ప్రభుత్వపు రెవిన్యూ శాఖకు వ్రాసెను. జమైకా దీవి నుండి విత్తనములు వచ్చెను. 1877లో కడప జిల్లా కమలాపురమున వానిని నాటిరి. మన దేశమున ఈ చెట్టు ప్రవేశమును గూర్చి చెప్పుకొను మొదటి ఘట్టములలో ఇది ముఖ్యమైనది. నేడు రాజస్థాన్ ఎడారి వరకు కనబడు చెట్టు కథలో ఒక తొలి పుట మన కమలాపురమున వ్రాయబడినదని మనలో తెలిసినవారు తక్కువ.

ఆ సంవత్సరములను ఒకసారి గమనింపుడు. 1876 నుండి 1878 వరకు దక్షిణదేశమును పీడించినది ధాత కరువు. కడప, కర్నూలు, బళ్ళారి సీమలు దానికి గురియైన వానిలో ముందున్నవి. పశువులు నశించెను, జనులు ఊళ్ళు విడిచి గంజిదొడ్ల వెంట తిరిగిరి. కరువు తీర్చుటకే ఈ చెట్టును తెప్పించిరని నేననను. ఉత్తరమున అడిగినది మెట్టనేలకు పనికివచ్చు చెట్టు మాత్రమే. కాని ఆ విత్తనము పడినది కరువు నేలలో. ఆ నేల దానికి సరిగా సరిపోయినది.

తరువాత అయిదేండ్లకు, 1882లో, మదరాసు అటవీచట్టము వచ్చెను. అంతకుముందు ఊరివారు తమదే యనుకొని కట్టెలు తెచ్చుకొనిన కొండలు, పశువులను తోలుకొనిన మేతలు రిజర్వు అడవులాయెను. మేతకు పుల్లరి కట్టవలెను. కట్టెకు అనుమతి కావలెను. ఈ కష్టమెంత లోతుగా నాటుకొన్నదో పలనాటి చరిత్ర చెప్పును. 1921లో అక్కడి ప్రజలు పుల్లరి చెల్లింపమని ఎదురుతిరిగిరి. 1922 ఫిబ్రవరిలో కన్నెగంటి హనుమంతు తుపాకి గుండ్లకు నేలకొరిగెను.

సర్కారు అను మాటకు ఆ తరములవారి నోట ఎట్టి అర్థముండెనో దీనిని బట్టి ఊహింపవచ్చును. సర్కారు అడవి అనగా పోకూడని అడవి. సర్కారు కట్టె అనగా ముట్టకూడని కట్టె. అట్టి కాలమున సర్కారు పేరు మోసికొని వచ్చిన చెట్టు ఒకటి, సర్కారు అడవిని దాటి, పోరంబోకులోనికి, చెరువులోనికి, బాటప్రక్కకు తనంత తాను నడచివచ్చెను. పేదయిల్లాలు కొడవలి తీసికొని పోయి ఎవరిని అడుగక ఒక మోపు కట్టుకొని తెచ్చుకొన్న చెట్టు ఇది. పేరునకు సర్కారుది, వాడుకకు అందరిది.

అది నడచివచ్చిన విధమును చెప్పవలెను. దాని ఆకును మేకయైనను సాధారణముగా ముట్టదు. కాయను మాత్రము పశువులు, మేకలు, గొఱ్ఱెలు ఇష్టముగా తినును. గుజ్జు అరిగిపోవును గాని, గట్టి పెంకు గల గింజ అరుగదు. పేడతో పాటు ఎరువు కలిసి క్రొత్త నేలను చేరి, తొలివానకు మొలకెత్తును. ఆకును కాపాడుకొని, కాయను ఎరగా చూపి, మంద వెంట ఊరూరు తిరుగు చెట్టునకు నాటువాడు వేరే ఎందులకు? నరికినచో మొదటినుండి నాలుగు కొమ్మలు లేచును. ఉప్పునేల దానికి అడ్డు కాదు; వేరు లోతునకు దిగి నీటిని వెదకుకొనును.

వాడుకలలో మొదటిది వంటచెరకే. పచ్చిదైనను త్వరగా ఎండును. గట్టిగా మండి నిప్పు నిలుచును. రెండవది కంప. చేనికి ముండ్లకంచె, గడ్డివామికి రక్ష, మేకలదొడ్డికి గోడ, అన్నియు దానితోనే. కాయలు పశువులకు మేతయగును. పూలు సంవత్సరమున చాలకాలముండుట వలన తేనెటీగలకు ఆధారము. వీనిని మించినది బొగ్గు.

బొగ్గుబట్టీని దగ్గరగా చూచినవారు ఆ దృశ్యమును మరువలేరు. నరికిన కట్టెను గుండ్రముగా పేర్చి, పైన ఆకును గడ్డిని పరచి, తడిమట్టి మెత్తి, గాలికి కొన్ని కన్నములు మాత్రము విడిచి నిప్పు పెట్టుదురు. మొదట తెల్లనిపొగ వచ్చును. అది చెమ్మ పోవుచున్నదని గుర్తు. పొగ పలుచనై నీలిరంగునకు తిరిగినపుడు కన్నములు మూయవలెను. ఒక గడియ ఆలస్యమైనచో కట్టె బూడిదయగును. ముందుగా మూసినచో కట్టెగానే మిగులును. అందువలన బట్టీ కాలు రాత్రులు కాపరికి నిద్ర లేదు. నెల్లూరు ప్రాంతమున యానాదులు మొదలగు కూలికుటుంబములు ఈ పనిలో బ్రతుకుచున్నవి. ముండ్లు వారి చేతులకు, పొగ వారి కండ్లకు. ఆ బొగ్గు మాత్రము ఊరు దాటి ఇస్త్రీపెట్టెలోనికి, కమ్మరి కొలిమిలోనికి, పట్టణపు భోజనశాలలోనికి పోవును. తమిళనాట రామనాథపురము జిల్లాకును ఈ బొగ్గు పెద్ద జీవనాధారము.

ఇట్లు ఉపకారము చేసిన చెట్టును ప్రభుత్వములు ఆదరించుటలో వింత లేదు. 1940లో జోధ్‌పూరు సంస్థానము దీనిని రాచచెట్టుగా ప్రకటించి కాపాడవలసినదని ఉత్తరువు చేసెను. అదే జోధ్‌పూరు దాపున ఖేజడ్లీ అను గ్రామము కలదు. 1730లో రాజోద్యోగులు చెట్లు నరుకుటకు రాగా, అమృతాదేవి మొదలుగా 363 మంది బిష్ణోయీలు చెట్లను కౌగిలించుకొని ప్రాణములు విడిచినది అచ్చటనే. వారు ప్రాణమిచ్చి కాపాడిన చెట్టు ఖేజ్‌డీ, అనగా మన జమ్మి. ఒక చుట్టమునకు ప్రజలు ప్రాణమిచ్చిరి. వేరొక చుట్టమునకు రాజు పట్టము గట్టెను.

1961 మొదలుకొని కచ్ఛ ప్రాంతమున ఉప్పునేల ప్రాకకుండుటకై బన్నీ అను గడ్డిభూమి అంచున అటవీశాఖవారు దీనిని విస్తారముగ నాటిరి. చెట్టు నిలిచెను గాని అంచున నిలువలేదు. లోపలికి చొచ్చి పశువుల మేతను ఆక్రమించుకొనెను. అక్కడివారు పిచ్చితుమ్మ యనుటలో గల బాధ దీనిని బట్టి తెలియును. మన చెరువులలోను అదే కథ. తూము వరకు కంప అల్లుకొని, పూడిక తీయువారికి దారి లేకుండ చేయును. దాని గుబురు క్రింద గడ్డి సరిగా పెరుగదు. జమ్మిచెట్టు క్రింద రైతు పైరు పెట్టుకొనగలడు; సర్కారు తుమ్మ క్రింద ఏమియు పెట్టలేడు. కాయలే మేతయై మితిమీరినపుడు పశువుల పండ్లకును జీర్ణమునకును చేటు కలుగును.

పూర్వము ఈ చేటు ఇంతగా కనబడకపోవుటకు ఒక కారణమున్నది. ప్రతిదినము గొడ్డలి దానిమీద పడుచుండెను. ఊరిలోని ప్రతి పొయ్యి దానిని కొంత కొంత తినుచుండెను. 1999లో దీపము పథకము, 2016లో ఉజ్జ్వల పథకము పల్లెయిండ్లకు గ్యాసుపొయ్యిని తెచ్చినవి. పొగలో కండ్లు పోగొట్టుకొన్న ఆడవారికి అది గొప్ప మేలు. కాని కట్టెకు పోవువారు తగ్గినకొలది కంప పెరిగినది. చెట్టు గుణము మారలేదు. మన వాడుక మారినది. ఒకప్పుడు మనము వాడుకొనుటయే దానికి పెట్టిన కట్టుబాటు.

నేడు దానిని వేరుతో పెరికివేయవలెనను మాట గట్టిగా వినవచ్చుచున్నది. తమిళనాట ఈ విషయము ఉన్నతన్యాయస్థానము వరకు పోయి, 2017లో తొలగింపునకు ఉత్తరువులు వెలువడెను. చెరువులలో, కాలువలలో, మేతబీళ్ళలో దానిని తొలగింపవలసినదే, సందేహము లేదు. పైన నరికిన చాలదు, నేలలోని మొదలును త్రవ్వి తీయవలెను. తీసినచోట వెంటనే మరియొక పైరునో చెట్టునో పెట్టవలెను. లేనిచో మరుసటి వానకు అది మరల వచ్చును. కాని మొదలు పెరుకు యంత్రమును పంపునపుడు, దానిమీద బ్రతుకు బొగ్గుకూలి ఏమి కావలెనను ప్రశ్నయు అడుగవలెను. ఏమియు మొలవని చవుడుబీటిని, పొయ్యికి నేటికిని కట్టెయే ఆధారమైన గుడిసెను మరువరాదు.

సర్కారు తుమ్మ అను పేరు మనకు ఒక సౌకర్యము కల్పించినది. సర్కారుది గనుక, కావలసినపుడు కొట్టుకొనుటకు మనది. పెరిగి అడ్డము వచ్చినపుడు తీయుటకు సర్కారుది. ఊరి చెరువు, ఊరి బీడు, ఊరి బాట అన్నియు ఈ లెక్కలోనే కంప పాలైనవి. 1877లో కమలాపురమున నాటినవారు సర్కారువారే, నిజము. తరువాత తరములుగా దానిని వాడుకొన్నవారము, పెరుగనిచ్చినవారము మనమే.

తెలంగాణ రాష్ట్రము 2014లో జమ్మిని రాష్ట్రవృక్షముగా ఎన్నుకొనెను. విజయదశమినాటి సాయంకాలము ఊరి పొలిమేరకు జమ్మికొమ్మ కొరకు పోవు పిల్లలు, దారిలో సర్కారు తుమ్మ ముల్లు కాలికి గుచ్చుకొనకుండ తొలగి నడచుచుందురు. ఒకటి మ్రొక్కు చెట్టు, ఒకటి తిట్టు చెట్టు. ఈ రెండును చుట్టములని ఆ పిల్లలకు చెప్పవలెను. ఒకదానిని పూజించినంత మాత్రమున అది పెరుగలేదనియు, రెండవదానిని తిట్టినంత మాత్రమున అది తరుగలేదనియు కూడ చెప్పవలెను.